ఊపిరితిత్తిలో హైడాటిడ్ తిత్తికి ఆపరేషన్ తప్పదా?

మీ నాన్నగారి ఊపిరితిత్తిలో ఎనిమిది సెంటీమీటర్ల హైడాటిడ్ తిత్తి (కుక్క పేగుల్లోని పురుగు గుడ్ల వల్ల పెరిగే నీళ్ల సంచి) ఉందని, మాత్రలతో కరగదా అని అడిగారు. నన్నడిగితే కోయించేయండి. మా మామ విషయంలో నాన్చి మేం పడ్డ పాట్లు చాలు.

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. మామకు గొర్రెల మంద, రెండు కుక్కలు. దగ్గులో రక్తపు జీర కనబడితే ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అన్నాడు. కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా ఐదు నెలలు మాత్రలు మింగించాడు. మా వైపు దగ్గితే టీబీ, జ్వరమొస్తే టైఫాయిడ్. మూడో రోగమే లేదు.

ఒకరోజు తెల్లారుజామున దగ్గు తెర వచ్చి గ్లాసెడు నీళ్లు కక్కాడు. "ఉప్పుకల్లు బుక్కినట్టుందిరా అబ్బీ" అన్నాడు. ఆ నీళ్లలో తెల్లగా, ద్రాక్షతొక్కల్లాంటి పొరలు. చూస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. తిత్తి పగిలిందని సీటీ తీశాకే తెలిసింది.

పగలకముందే వచ్చుంటే సులువయ్యేదని కర్నూలులో సర్జన్ అన్నాడు. చుట్టూ చిక్కటి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి, పైపొర కోసి, ఊపిరితిత్తిలోకి గాలి నింపమని మత్తు డాక్టరుకు చెప్తారట. ఆ తోపుకు తిత్తి ఒలిచిన గుడ్డులా బయటికి జారుతుంది. మామది చీముపట్టడంతో ఊపిరితిత్తి కింది భాగమే తీసేయాల్సొచ్చింది. ఛాతీ పక్కన గాలి బయటికి పోయే గొట్టం, దాని కొస మంచం కింద నీళ్ల సీసాలో. అందులో బుడగలు ఆగేదాకా తొమ్మిది రోజులు వాటినే చూస్తూ కూర్చున్నాం. ఊపిరితిత్తి విచ్చుకోవడానికి మూడు బంతుల డబ్బా పీల్చమంటే, బీడీ పీల్చిన శ్రద్ధలో సగం కూడా పెట్టలేదు మహానుభావుడు.

పగలని పెద్ద తిత్తికి ముందే ఆల్బెండజోల్ (పురుగుల మాత్ర) మొదలుపెడితే పగిలే ప్రమాదముంది. మామకు ఆపరేషన్ తర్వాతే 400 మిల్లీగ్రాములు రెండు పూటలా వేశారు. ఊపిరితిత్తిలో సూది గుచ్చి నీళ్లు లాగుతామంటే ఒప్పుకోకండి. లివర్‌కూ స్కానింగ్ చేయించండి, అక్కడా ఉండొచ్చు.

ఇక బంధువుల గోల: మటన్ మానేయమని! మటన్ తింటే రాదయ్యా. తిత్తులున్న గొర్రె కాలేయాన్ని మటన్ కొట్టువాడు కుక్కకు విసిరేస్తాడు. దాని పేగుల్లో పురుగు పెరిగి, గుడ్లు దాని మలంలో పడి, ఆకుకూరల మీదుగా, చేతుల మీదుగా మన నోట్లోకొస్తాయి. ఆదివారం ఏ కొట్టు ముందు చూసినా ఇదే తంతు. అడిగేవాడు లేడు.

పశువుల డాక్టరు రాసిచ్చిన పురుగుల మాత్ర ప్రాజిక్వాంటెల్‌ను మామ కుక్కలకు ఇప్పుడు నేనే జొన్నరొట్టెలో చుట్టి వేస్తున్నా. పెద్దది మింగుతుంది. చిన్నది రొట్టె తిని మాత్ర ఉమ్మేస్తుంది, మళ్లీ వేస్తా.