ఎండ ఏ వైపు పడుతోంది?

నూజివీడు,
మే 4

అమ్మాయీ,

నీ కథ నిన్న అందింది. నా మనవరాలి ఈడుదానివి కాబట్టి మీరు, గారు లేకుండానే రాస్తున్నాను. కథ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒక్కచోటే ఆగిపోయాను. కుర్రాడు సైకిల్ని పెరట్లో చెట్టుకి ఆనించి, చేతికందిన చిన్నరసం తెంపి, చాకుతో ముక్కలు కోసుకుని తిన్నాడని రాశావు చూడు, అక్కడ.

చిన్నరసాన్ని చాకుతో కోస్తారా తల్లీ? దాన్నిండా పీచే. పండుని కాసేపు నీళ్లలో వేసి, రెండు అరచేతుల మధ్య నలిపి, లోపల మెత్తబడ్డాక ముచ్చిక దగ్గర పంటితో చిన్న చిల్లు పెట్టి, మొదటి చుక్క నేలమీద పిండేసి, అప్పుడు జుర్రుకుంటాం. ఆ మొదటి చుక్కలో సొన ఉంటుంది. పెదవి మూల తగిలిందా, మర్నాటికి పొక్కుతుంది. రసం మోచేతిదాకా కారుతుంది. ఆఖర్న టెంక చీకుతుంటే పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. కోసుకుని తినేది బంగినపల్లి, దానికి పీచుండదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చి, ఆ కాయ తీరే వేరని ప్రభుత్వం కూడా కాగితం మీద రాసింది. రాయడమే పనిగా పెట్టుకున్నవాళ్లం, మనం రెంటినీ కలిపేస్తే ఎలా?

పైగా తెంపిన కాయ అప్పటికప్పుడు తేనెలా ఉందన్నావు. చిలక కొట్టిందైతే ఒప్పుకుంటాను. మిగతావాటిని చిక్కంతో దింపాలి, ముచ్చిక కాస్త ఉంచి కోయాలి, బోర్లా పెట్టి సొన కారనివ్వాలి, వరిగడ్డిలో మాగబెట్టాలి. నాలుగైదు రోజులకి తలుపు తీయగానే గదే చెబుతుంది, పండాయని. నీ కథలో వాసన లేకపోలేదు. కానీ అది పూత వాసన! రోహిణి కార్తెలో పూతెక్కడిది? అది సంక్రాంతి రోజుల నాటి మాట.

కోపంగా రాస్తున్నానని నాకు తెలుసు. కోపం వచ్చింది కూడా. ఆ చెట్టంటే నీకు ప్రేమని ప్రతి వాక్యంలో తెలుస్తోంది, అందుకే వచ్చింది. అంత ప్రేమ ఉండి దగ్గరికెళ్లి చూడకపోతే ఎట్లా?

వేసవి సెలవుల మీద రాసేవాళ్లందరికీ ఈ జబ్బు పట్టుకుంది. ‘ఆ రోజులే వేరు’ అని మొదలు. తర్వాత తాటిముంజలు, ఆరుబయట మంచాలు, నక్షత్రాలు, చివర్న కళ్లు చెమర్చడం. మే నెల సంచికకి పత్రికలవాళ్లు అడిగేదీ అదే. నాకు ఆ బెంగ వద్దు. సైకిల్ చైను ఏ పక్కన ఉంటుందో కావాలి.

ఎందుకంటావా? 1971లో నాకు పదకొండేళ్లు. చెరువు గట్టు దగ్గర అద్దె సైకిళ్లు, గంటకి పావలా. కొట్టాయన పలకమీద సుద్దతో టైము రాసుకునేవాడు. మగపిల్లల సైకిలే, మధ్యలో బారు. సీటు అందదు కాబట్టి ఎడమపక్క నిలబడి, కుడికాలు బారు కిందుగా దూర్చి తొక్కాలి. చైను ఉండేది కుడివైపు. పరికిణీ అంచు సరిగ్గా దానిమీదికే వచ్చేది. మూడోరోజు మొత్తం లాగేసింది. పడ్డాను. మోకాలు మానింది గానీ గ్రీజు మరక పోలేదు. అమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దింది, అయినా పోలేదు. కొన్నేళ్లకి ఆ సైకిల్ మీద ఓ కథ రాసి మా తెలుగు మాస్టారికి చూపించాను. రెక్కలొచ్చి గాలిలో తేలిపోయినట్టు రాశాను. ఆయన చదివి, కాగితాలు మడిచి, “పరికిణీ ఏమైందమ్మా?” అని ఒక్కమాట అడిగారు. ఈ వయసులోనూ రాయడానికి కూర్చుంటే ఆ మాటే వినబడుతుంది.

ఇక నీ కథలో బస్సు సంగతికి వస్తాను. 1988లో ఒక కథ సాఫు చేసుకుని, పోస్టులో పోతుందేమోనని భయపడి, పత్రికవాళ్ల చేతికే ఇద్దామని విజయవాడ బస్సెక్కాను. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నాను. కండక్టరు చిల్లర లేదని టికెట్ వెనక రాసిచ్చాడు. ఒళ్లో కథ, కాళ్ల దగ్గర పిన్నికి పళ్ల బుట్ట. ఆ కథలో ఒక ముసలావిడ ఇదే దారిలో, ఆగిరిపల్లి మీదుగా, ఆస్పత్రికి వెళ్లొస్తుంది. పొద్దున పోయేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ కుడివైపే కూర్చుంటుంది. ఈ దారిలో రెండుపూటలా ఎండ ఎడమవైపే పడుతుంది, ఎక్కి చూస్తే నీకే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒంటరిగా తిరిగిన మనిషని చెప్పడానికి నాకు ఆ ఒక్క వాక్యం చాలింది. సంపాదకుడు దాన్ని కొట్టేశాడు. పాఠకులకి అనవసరమట. దాని బదులు ‘కిటికీలోంచి చల్లగాలి తాకుతుంటే’ అని తనే రాసి అచ్చేశాడు. మే నెల ఎండలో! కిటికీ ఊచ మీద మోచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. వడగాలికి జనం చెంగులు ముఖానికి చుట్టుకుని కూర్చుంటారు. ఆ పత్రికకి మళ్లీ పంపలేదు. దానివల్ల నాలుగేళ్లు నా కథ ఎక్కడా రాలేదు. ఆ చల్లగాలిని నేనింకా క్షమించలేదు.

నీ కథ మూడో పేజీలో అదే చల్లగాలి ఉంది, అవే మాటలతో.

ఒక్క వాక్యం మాత్రం నన్ను పట్టుకుంది. ఈదురుగాలికి రాలిన కాయల్ని మీ అమ్మమ్మ లెక్కపెట్టకుండా కొంగులోకి ఏరుకుంది అన్నావే, అది. మరి అంతటితో వదిలేశావేం? ఆ కాయల్ని ఏం చేసింది? పప్పులో వేసిందా, ఒరుగులు కోసి మేడమీద ఎండబెట్టిందా, ఇరుగుపొరుగుకి పంచిందా? అన్ని కాయలు పోతే ఏ మనిషైనా లెక్కపెట్టుకుంటుంది. ఆవిడ ఎందుకు పెట్టుకోలేదు? నీ కథ అక్కడుంది. కుర్రాణ్ణీ సైకిల్నీ తీసేసినా నాకు బాధలేదు.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించి అడిగావు. అవి తర్వాత.

వచ్చే ఆదివారం మా చెట్టు కాయలు దింపిస్తున్నాం. గురువారానికి గడ్డిలో రంగు తిరుగుతాయి. వీలైతే రా. హనుమాన్ జంక్షన్‌లో దిగి పొద్దున బస్సెక్కు. ఆ దారిలో ఎండ ఏ వైపు పడుతుందో నేను చెప్పను, ఇంటికొచ్చాక నువ్వే చెప్పాలి. తెల్లబట్టలు మాత్రం వేసుకుని రాకు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ లాంటి మనిషి