అర్హత సమయం చూసి బెదిరిన అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అర్హత సమయాల పట్టిక చూశాక అమెరికాలో జరిగే జాతీయ మాస్టర్స్ (పెద్దల) ఈత పోటీలకు పేరు ఇవ్వడం మానుకుంటున్నానని రాశావు. ఆ పట్టికను నువ్వు సరిగ్గా చదవలేదు తల్లీ.

సంక్రాంతికి ఇక్కడికి వచ్చినప్పుడు నువ్వు వంద మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ (కప్పలా ఈదే పద్ధతి) 1:32లో, అంటే 92 సెకన్లలో ఈదావు. స్టాప్‌వాచ్ పట్టుకున్నది నేనే. నువ్వు ఈదింది 25 మీటర్ల కొలను. అమెరికాలో వసంతకాలపు జాతీయ పోటీలు జరిగేది గజాల కొలనులో. 25 గజాలంటే 22.86 మీటర్లే. అంటే వంద గజాలంటే 91 మీటర్ల పైచిలుకు, అంతే. మీటర్ల టైమును గజాల టైముగా మార్చడానికి నీ 92 సెకన్లను 1.11తో భాగించు, 83 దగ్గర తేలుతుంది. మీటర్ల టైమును గజాల పట్టిక పక్కన పెట్టి దిగులు పడ్డావు. నువ్వు వెనకబడ్డానని రాసినదాంట్లో చాలా భాగం నీది కాదు, కొలనుది.

వయసు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. గజాల పోటీల్లో పోటీ చివరి రోజుకు నీకెన్నేళ్లో చూస్తారు. మీటర్ల పోటీల్లో ఆ ఏడాది డిసెంబర్ 31కి ఎన్నేళ్లు నిండుతాయో చూస్తారు. నీకు ఈ నవంబరులో 45 నిండుతాయి. కాబట్టి వసంతంలో 40-44 ఏళ్ల వర్గంలోనే ఉంటావు, ఆగస్టులో 50 మీటర్ల కొలనులో ఈదేటప్పుడు మాత్రం అప్పుడే 45-49లోకి వెళ్తావు. వయసు పెరిగితే సంతోషించే ఆట ఇదొక్కటేనేమో!

ఇంకో మాట. అక్కడ మూడు అంశాల దాకా అర్హత సమయం లేకపోయినా ఈదనిస్తారు. నాలుగోది కావాలంటేనే ఆ గీత దాటాలి. ఇలాంటి నియమాలు మారుతుంటాయి, అందుకని ఆ ఏటి ప్రవేశ పత్రం మొదటి పేజీ నుంచి చదువు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, నీ మలుపులు. గోడ అందగానే పట్టుకుని, తల ఎత్తి, గడియారం చూసి, ఊపిరి పీల్చుకుని అప్పుడు తిరుగుతున్నావు. వందలో మూడు మలుపులు, ఒక్కోచోట రెండు సెకన్లు పోతున్నాయి. గోడను తన్నాక వెంటనే పైకి తేలుతున్నావు, అది ఇంకా నష్టం. నీళ్లలో ఉండగానే చేతులను ఒక్కసారి తొడల దాకా లాగడానికి, ఒక్కసారి బటర్‌ఫ్లై ఈతలోలా రెండు కాళ్లూ కలిపి విసరడానికి నియమం ఒప్పుకుంటుంది. ఉచితంగా ఇచ్చిన దూరాన్ని ఎవరైనా వదులుకుంటారా? నెల రోజులు వేరే సాధన తగ్గించి, రోజూ ఇరవై మలుపులు మాత్రం చెయ్యి.

గోడకు రెండు చేతులూ ఒకేసారి తగలాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. నాకు ఈత వచ్చింది చంద్రగిరి దగ్గర మన కపిల బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. అవతలి ఒడ్డు చేరగానే పాచి పట్టిన మెట్టు రాయిని ఒక చేత్తో ఒడిసి పట్టుకోవాలి, లేకపోతే జారిపోతాం. ఆ అలవాటును నా చెయ్యి మరిచిపోలేదు. యాభై ఒకటో ఏట నా మొదటి మాస్టర్స్ పోటీలో, జీవితంలోనే మంచి టైముతో వచ్చి గోడను కుడి చేత్తో పట్టుకున్నాను. న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తాడు. అనర్హుడివన్నారు, టైము రాయనే లేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్లకు ఆ కథ చెప్పి నవ్వుతుంది.

దిమ్మ మీద నుంచి దూకడం భయమైతే మానెయ్యి. మాస్టర్స్‌లో నీళ్లలో నుంచే బయలుదేరవచ్చు. మోకాలు నొప్పి మొదలయ్యాక నేను చేస్తున్నది అదే. ఓ సెకను పోతుంది, పోనీ.

నేను పట్టిన టైము పోటీ టైము కాదు. ముందు మీ ఊళ్లో ఏదైనా చిన్న పోటీలో ఈది చూడు. మొదటి యాభైలో ఊపిరి దాచుకో. ఎంత వచ్చిందో ఆ రోజే నాకు రాయి, గజాలో మీటర్లో పక్కనే రాయడం మరవకు.

ఇట్లు,
మీ పెదనాన్న