టెక్ సందేహాలు: పాత హిమాలయన్ నుంచి కొత్త హిమాలయన్‌కు మారాలా?

ప్రశ్న: నా దగ్గర 2021 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉంది. ఏటా రెండు మూడు దూర ప్రయాణాలు చేస్తుంటాను. వచ్చే వేసవిలో లద్దాఖ్ వెళ్లాలని ఉంది. బండి బాగానే నడుస్తోంది కానీ, జాతీయ రహదారిపై లారీలను దాటేటప్పుడు పికప్ చాలడం లేదనిపిస్తోంది. హిమాలయన్ 450 తీసుకుంటే ఇంజిన్‌తో పాటు తెరపై మ్యాప్ కూడా వస్తుందని మిత్రులు చెబుతున్నారు. మారమంటారా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు ఒకే ప్రశ్నగా అడిగినా ఇందులో రెండు వేర్వేరు అవసరాలు ఉన్నాయి. లారీని దాటడానికి చాలని పికప్ ఒకటి, కళ్లెదుట మ్యాప్ ఇంకొకటి. మొదటిదానికి బండి మార్చడం తప్ప దారి లేదు. రెండోదానికి బండి మార్చనక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీసి చూసుకోకుండా షోరూమ్‌లోకి వెళ్లి, వెలుగుతున్న తెరను చూసి అక్కడికక్కడే బయానా ఇచ్చి వచ్చినవాళ్లు నాకు తెలిసే ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ముందు ఇంజిన్ సంగతి చూద్దాం. 2016లో తొలిసారి మార్కెట్లోకి వచ్చిన మీ హిమాలయన్ మోడల్‌లోని 411 సీసీ ఇంజిన్ గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది. 24.3 హార్స్‌పవర్ శక్తి, 32 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), అయిదు గేర్లు దాని లెక్క. 2023 నవంబరులో విడుదలైన 450లో ఉన్నది దానికి మెరుగులు దిద్దిన ఇంజిన్ కాదు. షెర్పా పేరుతో కొత్తగా రూపొందించిన 452 సీసీ ఇంజిన్ అది. కూలెంట్‌తో చల్లబడే ఈ ఇంజిన్ దాదాపు 40 హార్స్‌పవర్ శక్తిని, 40 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది, గేర్లు ఆరు. బండి బరువు మాత్రం 199 కిలోల నుంచి 196 కిలోలకు తగ్గింది. అంటే బరువు పెరగకుండానే శక్తి అరవై శాతం పెరిగింది. ఒంగోలు నుంచి నెల్లూరు వైపు వెళుతూ, ఎనభై వేగంతో పోతున్న కంటెయినర్ లారీ వెనుక నుంచి పక్క వరుసలోకి వచ్చాక, లారీ ముందు చక్రాన్ని దాటేలోపే వెనుక కారువాడు హారన్ మొదలుపెట్టే ఆ ఏడెనిమిది సెకన్లు మీకు అనుభవమే కదా. ఆ సెకన్లు తగ్గుతాయి. మీ అసలు ఇబ్బంది అదే అయితే మారడానికి అది చాలినంత కారణం.

అయితే రెండు ఇంజిన్ల స్వభావం ఒకటి కాదు. పాత ఇంజిన్ తన టార్క్ మొత్తాన్ని 4,000 నుంచి 4,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యే ఇచ్చేస్తుంది. అందుకే వెనుక మనిషిని, సామాన్లను పెట్టుకుని ఘాట్ ఎక్కుతున్నా గేరు మార్చకుండా లాక్కుపోతుంది. కొత్తదాని టార్క్ 5,500 దగ్గర, శక్తి 8,000 దగ్గర గరిష్ఠ స్థాయికి చేరతాయి. మెల్లగా, బద్ధకంగా నడపడం ఇష్టపడేవారికి ఇది మొదట్లో చికాకు కలిగిస్తుంది. మలుపు దగ్గర ఒక గేరు దించి ఇంజిన్‌ను కాస్త తిరగనిస్తే గానీ అది మేలుకోదు. టెస్ట్ రైడ్‌ను షోరూమ్ ముందున్న సర్వీస్ రోడ్డులో ముగించకుండా, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కి చూడమని చెప్పడం ఇందుకే.

సీటు ఎత్తు కూడా గమనించండి. పాతదానిలో 800 మిల్లీమీటర్లు ఉండేది, కొత్తదానిలో 825 నుంచి మొదలవుతుంది. చదునైన రోడ్డు మీద ఈ అంగుళం తేడా తెలియదు, గులకరాళ్ల మీద సామాన్లతో నిండిన బండిని ఒంటికాలిపై ఆపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకు 15 లీటర్ల నుంచి 17 లీటర్లకు పెరిగింది. లద్దాఖ్‌లో బంకుకూ బంకుకూ మధ్య దూరం చూస్తే ఈ రెండు లీటర్ల విలువ తెరకంటే ఎక్కువని నా అభిప్రాయం. స్పోక్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్ల సదుపాయం 2024 నుంచి ఉంది. తీసుకుంటే అవి ఉన్న రకాన్నే తీసుకోండి. దారిలో పంక్చర్ పడితే చక్రం ఊడదీసి ట్యూబు లాగే పని తప్పుతుంది.

ధర దగ్గర ఒక మాట చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గగా, అంతకు మించిన వాటిపై 40 శాతానికి పెరిగింది. అంతకుముందు ఆ వర్గంపై సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. 452 సీసీ బండి ఈ రెండో వర్గంలోకి వస్తుంది. కాబట్టి మీ మిత్రులు రెండు మూడేళ్ల క్రితం చెల్లించిన ధరను లెక్కలోకి తీసుకోకుండా, లైఫ్ ట్యాక్స్, బీమా కలిపిన ఆన్‌రోడ్ ధరను కాగితం మీద రాయించుకోండి. పాత బండికి కొన్న సామాను పెట్టెలు, క్రాష్ గార్డు కొత్తదానికి సరిపోవు. ఆ ఖర్చును కూడా కలపండి.

ప్రశ్న: 450 బుక్ చేశాను. బండి తెరపై మ్యాప్ వస్తుంది కాబట్టి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ హోల్డర్ ఇక అవసరం లేదా? మారేడుమిల్లి, నల్లమల లాంటి చోట్ల సిగ్నల్ ఉండదు కదా, అక్కడ ఆ మ్యాప్ పనిచేస్తుందా?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ బండిలో ఉన్న నాలుగంగుళాల గుండ్రటి తెరపై గూగుల్ మ్యాప్ పూర్తిగా కనిపిస్తుంది. 2021లో పాత హిమాలయన్‌కు వచ్చిన ట్రిప్పర్ అనే చిన్న తెరలో బాణం గుర్తు, మలుపు ఎంత దూరంలో ఉందనే వివరం మాత్రమే కనిపించేవి. ఆ తేడా పెద్దదే. కానీ ఆ మ్యాప్ బండిలో లేదన్న సంగతి చాలామంది కొన్న తర్వాత గ్రహిస్తారు. మ్యాప్‌ను మోస్తున్నది మీ జేబులోని ఫోనే. కంపెనీ యాప్ ఫోన్‌లో నడుస్తూ, ఫోన్ డేటాతో మ్యాప్‌ను తెచ్చి, బ్లూటూత్, వైఫైల ద్వారా తెరకు పంపుతుంది. కాబట్టి తెర నాణ్యత ఎంత ముఖ్యమో మీ ఫోన్ బ్యాటరీ ఆరోగ్యం కూడా అంతే ముఖ్యం. మూడేళ్లు వాడిన ఫోన్ జీపీఎస్, డేటా, వైఫై, బ్లూటూత్‌లను ఒకేసారి నడుపుతూ మే నెల ఎండలో జాకెట్ జేబులో ఉంటే వేడెక్కుతుంది, ఛార్జింగ్ కూడా త్వరగా పడిపోతుంది. హ్యాండిల్ దగ్గర యూఎస్‌బీ సీ పోర్టు ఉంది. అక్కడి నుంచి ట్యాంక్ బ్యాగులోని ఫోన్‌కు చేరేంత పొడవున్న కేబుల్ ఒకటి కొనుక్కోండి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకొక చిక్కు ఉంది. బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే యాప్‌లను ఫోనే ఆపేస్తుంది. మ్యాప్ సగం దారిలో ఆగిపోతే తప్పు బండిదని అనుకుంటాం. బయలుదేరే ముందు సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను తెరిచి, బ్యాటరీ విభాగంలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని పెట్టండి, లొకేషన్ అనుమతిని ‘ఎప్పుడూ’ అని ఇవ్వండి.

సిగ్నల్ విషయానికి వస్తే, మీరెక్కడున్నారో చెప్పేది ఉపగ్రహాలు, మీ చుట్టూ ఏమున్నదో గీసి చూపేది ఇంటర్‌నెట్. మొదటిదానికి టవర్‌తో పని లేదు. రెండోది లేనప్పుడు మీ స్థానాన్ని చూపే చుక్క కదులుతూనే ఉంటుంది కానీ దాని కింద రోడ్డు గీత ఉండకపోవచ్చు. అందుకే మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ దిగేటప్పుడైనా, మన్ననూరు దాటి శ్రీశైలం అడవిలోకి వెళ్లేటప్పుడైనా ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందే ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దాచుకోండి. అయితే ఫోన్‌లో దాచుకున్న మ్యాప్ బండి తెరపైనా అదే విధంగా వస్తుందని ముందే అనుకోవద్దు. ఊరి పొలిమేరలో ఫోన్ డేటాను ఆపి, పది నిమిషాలు నడిపి చూస్తే మీ ఫోన్‌తో ఎంతవరకు పనిచేస్తుందో తేలిపోతుంది. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీ శాఖ వాహనాలను అనుమతించదు. మ్యాప్ చూపే చేరుకునే సమయం చెక్‌పోస్టు గేటును లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఒంగోలు పాఠకుడికి కూడా ఇక్కడే ఒక సూచన చెబుతాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్‌కు మారకుండా బయలుదేరితే ఎంత మంచి తెర ఉన్నా అలంకారమే.

ఇక హోల్డర్ విషయం. దాన్ని పారేయవద్దు కానీ రోజూ వాడవద్దు. పెద్ద ఇంజిన్ల కంపనం హ్యాండిల్ ద్వారా నేరుగా ఫోన్‌కు చేరితే, కెమెరాలో చిత్రాన్ని నిలకడగా ఉంచే వ్యవస్థ, ఫోకస్ చేసే వ్యవస్థ క్రమంగా దెబ్బతినే ప్రమాదం ఉందని 2021 సెప్టెంబరులో యాపిల్ తన వినియోగదారులను హెచ్చరించింది. అంతకుముందే ఈ పాఠం నాకు నేర్పిన ఫోన్ ఒకటుంది. దాన్ని ఒక మిత్రుడి బండికి బిగించి అరకు వెళ్లి వచ్చాను. తిరిగి వచ్చాక కెమెరా తెరిస్తే, బల్ల మీది కాఫీ గ్లాసు నీళ్ల అడుగున ఉన్నట్టు వణుకుతూ కనిపించింది. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే లోపల చిన్న తుమ్మెద తిరుగుతున్నట్టు శబ్దం. ఆ లెన్సు మార్చడానికయిన ఖర్చుతో కంపనాలను తగ్గించే రబ్బరు డాంపర్ ఉన్న హోల్డర్లు నాలుగైదు వచ్చేవి. కాబట్టి బండి తెర పనిచేయని చోట అక్కరకు వచ్చేలా, డాంపర్ ఉన్న హోల్డర్‌ను సామాన్లలో ఉంచుకోండి. దానికి మీ కొత్త ఫోన్‌ను కాకుండా, ఇంట్లో మూలపడ్డ పాత ఫోన్‌ను ఆఫ్‌లైన్ మ్యాప్‌లు నింపి వాడుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: నాది 2020 మోడల్. బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. ఈ ఒక్క కారణంతో బండి మార్చేయాలా?
– నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఒక్క కారణంతో వద్దు. 2023 ఏప్రిల్ నుంచి తయారవుతున్న వాహనాల్లో ఆ పెట్రోలును తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు వాడుతున్నారు. మీ బండి అంతకుముందుది. కాబట్టి ప్రతి సర్వీసులో పెట్రోలు గొట్టాలను, సీళ్లను చూడమని చెప్పి, పగుళ్లుంటే మార్పించండి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. పది శాతం మిశ్రమం నుంచి ఇరవై శాతానికి మారితే, లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే బండిలో లెక్క ప్రకారం ఒక కిలోమీటరు అటూ ఇటూ తగ్గాలి. అంతకు మించి బాగా పడిపోతే కారణం వేరే ఎక్కడో ఉంది, చైను బిగింపుతో మొదలుపెట్టి వెతకండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో నెలల తరబడి బండి తీయని అలవాటు ఉంటే మానుకోండి.

ప్రశ్న: కొత్త బండి వచ్చేసింది. పాత హిమాలయన్‌ను తెలిసినవారికి అమ్ముతున్నాను. డబ్బు తీసుకుని తాళం ఇచ్చేస్తే సరిపోతుందా? ఫోన్ యాప్‌లో ఆ బండి ఇంకా కనిపిస్తోంది.
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: సరిపోదు. ‘తెలిసినవారే కదా’ అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి యజమాని పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా, పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు నమోదై యజమాని పేరు మారేదాకా వెంటబడండి. రుణం తీర్చిన బండి అయితే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రంతో, ఫారం 35 ద్వారా హైపోథికేషన్‌ను (ఆర్‌సీలో బ్యాంకు పేరిట ఉన్న రుణ నమోదును) ముందే తొలగించుకోవాలి. పెండింగ్ చలానాలను కూడా తాళం ఇవ్వకముందే కట్టేయండి.

బీమాలో మీకు రావాల్సింది ఒకటుంది. క్లెయిములు లేకుండా గడిపిన ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే ఆ తగ్గింపును కొత్త బండి పాలసీకి మార్చుకోవచ్చు. కొత్త బండి తెచ్చేశారు కనుక, షోరూమ్‌లో చేయించిన బీమాలో ఇది ఇచ్చారో లేదో ఇవాళే చూసుకోండి. ఇవ్వకపోతే పాత బీమా కంపెనీ నుంచి బోనస్ నిల్వ పత్రం తీసుకుంటే తర్వాత ఉపయోగపడుతుంది. కొన్నవారు 14 రోజుల్లోగా పాత పాలసీని తమ పేరున మార్చుకునేందుకు బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి.

యాప్ విషయంలో మూడు చోట్ల తుడవాలి. యాప్‌లోని మీ ఖాతా నుంచి ఆ బండిని తొలగించండి, ఫోన్ బ్లూటూత్ జాబితాలో దాని పేరును ‘ఫర్గెట్’ చేయండి, బండి తెరలో మీ ఫోన్ జత అయి ఉంటే అక్కడ కూడా తీసేయండి. చివరగా సీటు ఎత్తి చూడండి. మీరు బయట బిగించుకున్న ఫోన్ ఛార్జర్ వైరును ఫ్యూజు లేకుండా బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటే, దాన్ని విప్పించి, బయట తేలిన వైరు కొసకు టేపు వేయించిన తర్వాతే బండిని అప్పగించండి.