గది మధ్య ఖాళీని జిప్సం బోర్డుతో మూస్తే పగుళ్లు వస్తాయా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో పాత ఫ్లాటు. హాలుకీ పక్క గదికీ మధ్య తలుపు లేని ఖాళీ ఉంది, 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. అత్తగారు మాతో ఉండటానికి వస్తున్నారు, ఆ గది ఆవిడకిచ్చి ఈ ఖాళీ మూసేద్దామని (ఆ గదికి వరండా వైపు ఇంకో తలుపుంది). ఇటుకలంటే దుమ్ము భరించలేం. ఫాల్స్ సీలింగ్ అబ్బాయి జిప్సం బోర్డుతో ఒక్క రోజులో చేస్తానంటున్నాడు. తర్వాత పగుళ్లు రావు కదా? టీవీ సౌండ్ ఆవిడ గదిలోకి పోదా?

జవాబు: చేయించుకోండి, బాగానే ఉంటుంది. కాకపోతే ఆ ఒక్క రోజు మాట నమ్మకండి. బోర్డు బిగించడం ఒక్క రోజే, అతుకులు పూసి ఆరబెట్టడానికి ఇంకో రెండు మూడు రోజులు, ముసురు పట్టిందంటే ఇంకా ఎక్కువ.

ముందు టేపు తీసి గోడ మందం కొలవండి, ప్లాస్టరింగ్‌తో సహా. లోపలి గోడ మామూలుగా నాలుగున్నర అంగుళాల ఇటుక, రెండు వైపులా ప్లాస్టర్ కలిపితే ఐదున్నర, అంటే 140 మిల్లీమీటర్లు అనుకుందాం. బోర్డు 12.5 చొప్పున రెండు వైపులా 25 పోతే మిగిలింది 115. బజార్లో దొరికే జీఐ స్టడ్ (బోర్డు బిగించడానికి నిలబెట్టే ఇనుప రేకు కమ్మీ) చూస్తే 50 లేదా 70. ఒకే వరస పెడితే బోర్డు గోడ కంటే లోపలికి వెళ్లిపోతుంది, ఆ గుంట కనబడకుండా లప్పం మీద లప్పం దట్టిస్తారు, తర్వాత అది పెచ్చులూడుతుంది. అందుకని 50వి రెండు వరసలు, హాలు వైపు ఒకటి, గది వైపు ఒకటి, ఒకదానికొకటి తగలకుండా వేయించండి. బోర్డు పాత ప్లాస్టర్ కంటే ఒక 2 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి, అతుకు మీద వేసే పేపర్ టేపు, పూత ఆ సందులోనే సర్దుకుంటాయి. వరసలు తగలకపోతే సౌండ్ కూడా తగ్గుతుంది, మధ్యలో రాక్‌వూల్ (సౌండ్ ఆపే దూదిలాంటి పరుపు) నింపితే ఇంకా నయం. అసలు వినబడదని మాత్రం చెప్పను, సీరియల్ టైటిల్ పాట వినబడుతుంది.

స్టడ్‌లు 16 అంగుళాలకొకటి. బోర్డు సాధారణంగా 6 x 4 అడుగులది వస్తుంది, మీకు ఎత్తులో ఒక అడుగు ముక్క అతకాలి. ఆ ముక్క హాలు వైపు పైన పెడితే గది వైపు కింద పెట్టమనండి, అతుకు వెనక అడ్డ ఛానెల్ తప్పనిసరి.

ఇక పగుళ్లు. వస్తే పాత గోడా బోర్డూ కలిసే చోటే వస్తాయి. అక్కడ మూడు నాలుగంగుళాల మేర పాత రంగు గీకి, పేపర్ టేపు వేసి, జాయింటింగ్ కాంపౌండ్ మూడు కోట్లు, ప్రతి కోటూ ఆరాకే ఇంకోటి. ఆ ఫాల్స్ సీలింగ్ అబ్బాయి వాల్ పుట్టీ డబ్బా తెస్తే వెనక్కి పంపేయండి, అతుకులకి అది పనికిరాదు. బోర్డు అడుగున అరంగుళం ఖాళీ వదలాలి, లేకపోతే రోజూ ఇల్లు తుడిచే తడి పీల్చుకుని ఉబ్బుతుంది. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) వేస్తే ఆ ఖాళీ కనబడదు.

రెండో వైపు మూసే ముందు అత్తగారిని ఒకసారి అడగండి, దేవుడి అలమర ఎక్కడ కావాలో. అక్కడ స్టడ్‌ల మధ్య ప్లైవుడ్ ముక్క బిగించి, పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసుకోండి, మేకు ఎక్కడ కొట్టాలో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.