‘ఏ’ అంటే పాపం అని మొదటి పేజీలోనే తేల్చేయకండి

నథానియల్ హాథార్న్ నవల ‘ది స్కార్లెట్ లెటర్’ (1850) మీద మీరు రాసిన సెమినార్ పేపర్‌ని ‘ఇది కథాసారాంశమే, ప్రతీకల విశ్లేషణ ఏదీ?’ అని మీ బెంగళూరు కాలేజీ మేడమ్ తిప్పి పంపారన్నారు కదా. వ్యభిచారానికి శిక్షగా హెస్టర్ గుండెల మీద పెట్టుకు తిరగాల్సిన ఎర్ర ‘ఏ’ అక్షరం అంటే పాపం అని ముందే తేల్చేశాక ఇక వాదించడానికేం ఉంటుంది?

నేరస్థుల్ని జనం ముందు నిలబెట్టే శిక్షావేదిక నవలలో మూడుసార్లు వస్తుంది: 2-3 అధ్యాయాలు, 12, 23. పేపర్‌ని వాటి మీదే నిలబెట్టండి. ప్రతిచోటా పైన ఎవరున్నారు, ఎవరు చూస్తున్నారు, పగలా రాత్రా అన్నది ముందు రాసుకోండి. మొదట పట్టపగలు హెస్టర్ తన బిడ్డ పెర్ల్‌తో వేదిక మీద. ఆ బిడ్డకి తండ్రినని దాచిపెట్టిన పాస్టర్ డిమ్స్‌డేల్ పైన బాల్కనీలో పెద్దల సరసన. 12లో ఆయనా ఎక్కుతాడు, కానీ అర్ధరాత్రి, జనం లేనప్పుడు. అందుకే మనసు బరువు దిగదు. ఆకాశంలో మెరిసిన ‘ఏ’ ఆయనకి తన నేరంలా కనిపిస్తే, ఊరివాళ్లకి ఆ రాత్రి చనిపోయిన గవర్నర్ దేవదూత (ఏంజెల్) అయ్యాడన్న గుర్తు. మీ వాదనకి ప్రాణం ఇక్కడే ఉంది, ఓ పేజీ కేటాయించండి. 23లో పగటిపూట, అందరి ముందూ ఒప్పుకుని చనిపోతాడు.

ఆ అక్షరానికి హెస్టర్ చేసిన బంగారు దారపు కుట్టుపని గురించి రాస్తే, 19లో అక్షరం తీసేసిన తల్లి దగ్గరికి పెర్ల్ రానని మొండికేసే చోటు కూడా కలపండి. మొదటి అధ్యాయంలో జైలు తలుపు పక్కనుండే గులాబీ పొదకి ఒక్క వాక్యం చాలు, అది అందరూ రాసేదే.