లైటు ఆర్పేసి కూర్చోకండి

సందేహం: మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఇద్దరు ఒకతణ్ణి కొట్టి ఫోను లాక్కుపోవడం కిటికీలోంచి చూశాను. మర్నాడు పోలీసులు తలుపు తడితే గదిలోవాళ్లు లైటు ఆర్పేసి, మాట్లాడొద్దని సైగ చేశారు. పోలీసులు గుమ్మంలో కార్డు పెట్టి వెళ్లారు. నేను అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. చెబితే గ్రీన్‌కార్డుకు అడ్డం వస్తుందా?

జవాబు: రాదు. గ్రీన్‌కార్డు ఫారాలు అడిగేది మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద నేరం మోపారా అని. చూసింది చెప్పడం ఆ లెక్కలోకి రాదు.

మీ గదిలోవాళ్లను తప్పుపట్టను. మా నాన్నగారు ఒక సైకిలు దొంగతనం పంచనామా మీద సంతకం పెట్టి, నాలుగేళ్లు వాయిదాలకు తిరిగారు. ప్రతిసారీ బస్సు ఖర్చు ఆయనదే, తిట్లు అమ్మవి. ఆ భయం నేనూ వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ మా వీధిలో కారు అద్దాలు పగిలినప్పుడు డిటెక్టివ్ గుమ్మంలోనే నిలబడి పది నిమిషాలు రాసుకున్నాడు, కార్డు వెనక కేసు నంబరు వేసి ఇచ్చాడు. అంతే, మళ్లీ పిలుపు రాలేదు.

ఎప్పుడూ అలాగే ముగుస్తుందని చెప్పను. కోర్టు నుంచి సమన్లు వస్తే వెళ్లి తీరాలి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టయితే సాక్షికి రోజుకు 40 డాలర్లు ఇస్తారు. సాక్ష్యానికి వెళ్లారని ఉద్యోగం తీసేయకూడదని చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆ రాత్రే ఎలా దొరికాడో గుర్తుందా? పక్క రాష్ట్రంలోని క్లింటన్ ఊళ్లో ఒక బార్ ఉద్యోగితో తాను కాల్చానని వాగాడు. ఆ ఉద్యోగి అత్యవసర నంబరు 911కు ఫోను చేయబట్టి దొరికాడు. మనకెందుకులే అని ఆ రాత్రి అక్కడ ఎవరూ అనుకోలేదు.

మాట్లాడేటప్పుడు కళ్లతో చూసిందే చెప్పండి. చొక్కా రంగు సరిగా గుర్తులేకపోతే గుర్తులేదనండి, ఊహించి చెప్పకండి. ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే దుబాసీని అడగండి. ఆ గొడవలో మీకే ఏదైనా సంబంధం ఉంటే మాత్రం ముందు లాయరు, తర్వాతే పోలీసు.

ఆ కార్డు చెత్తబుట్టలో పడి ఉంటే తీయండి. నంబరు దాని మీదే ఉంటుంది.