మున్సిపల్ ఆఫీసులో పాపకు ఇంటర్వ్యూ: 4 లక్షలు కట్టమంటారా?

ప్రశ్న: మా పాప బీకాం కంప్యూటర్స్ పాసై ఏడాదైంది. మా ఊరి మున్సిపల్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్ పోస్టుకు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. తెలిసిన మనిషి ఒకాయన 4 లక్షలిస్తే ఖాయం చేయిస్తానని, రెండు మూడేళ్లలో పర్మనెంట్ అవుతుందని చెబుతున్నాడు. ఉద్యోగమైతే సంబంధాలకూ బాగుంటుంది. మా బావమరిదేమో హైదరాబాద్‌లో గ్రూప్-2 కోచింగ్‌లో చేర్చమంటున్నాడు. రెండింటిలో ఏది మేలు? ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు:

అన్నా, ఇంటర్వ్యూ సంగతి తప్పకుండా చెప్తాను. ముందు ఆ 4 లక్షల లెక్క తేల్చుకుందాం. ఇలాంటి ప్రశ్న జిల్లాలో ఏదో ఒక మూల నుంచి నాకు వస్తూనే ఉంటుంది. పోస్టు పేరు మారుతుంది, అడిగే మొత్తం మారుతుంది. ‘రెండు మూడేళ్లలో పర్మనెంట్’ అన్న మాట మాత్రం మారదు.

అట్లా పర్మనెంట్ కావడానికి దారి లేదు. తాత్కాలికంగానో దినకూలీ మీదో చేరినవాళ్ళకు రెగ్యులర్ చేయమని అడిగే హక్కు ఉండదని మన రాష్ట్రంలో 1994లోనే చట్టం చేశారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు కూడా దొడ్డిదారిన చేరినవాళ్ళకు ఆ హక్కు లేదని తేల్చేసింది. 2023లో వచ్చిన క్రమబద్ధీకరణ చట్టం సంగతి మీ మనిషి చెప్పే ఉంటాడు. అది 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగుల కోసం చేసింది. ఔట్‌సోర్సింగ్ వాళ్ళు అందులోకి రారు. మీ పాప అప్పటికి బడిలో ఉండి ఉంటుంది.

ఇక జీతం. 2022 నాటి జీవో ప్రకారం ఈ తరహా పోస్టుకు నెలకు 18,500. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఏమీ కోయకపోయినా 4 లక్షలు తిరిగి రావాలంటే 22 నెలలు పడుతుంది. ఆఫీసుకు మనుషుల్ని పెట్టే ఏజెన్సీ మారితే పాప ఉంటుందో లేదో ఎవరూ రాసివ్వరు. పైగా 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాళ్ళూ నేరస్తులే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఈ మధ్యవర్తుల కిటుకు కూడా చెప్తాను. ఒక పోస్టుకు నలుగురైదుగురి దగ్గర డబ్బు పట్టుకుంటారు. ఎవరో ఒకరికి వాళ్ళ మార్కులతోనే వస్తుంది, అది ‘నా వల్లే’ అంటారు. మిగిలినవాళ్ళకు ‘డబ్బు పైకి పోయింది, ఈసారి చూద్దాం’ అంటారు.

ఒక మాట కటువుగానే అంటాను, ఏమనుకోవద్దు. మీ ఉత్తరంలో ఆ మధ్యవర్తి ఏమన్నాడో ఉంది, మీ బావమరిది ఏమన్నాడో ఉంది, రేపు రాబోయే సంబంధాల వాళ్ళు ఏమనుకుంటారో కూడా ఉంది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆ కుర్చీలో రోజంతా కూర్చోవాల్సింది ఆ అమ్మాయే కదా? డబ్బిచ్చి చేర్చారనుకోండి, ‘నీకు సొంతంగా రాదు’ అని కన్నతండ్రే చెప్పినట్టు ఆ పిల్లకు అర్థమవుతుంది. మన వైపు మనిషి లేకపోతే మనకు ఉద్యోగం రాదన్న భయం మీ ఒక్కరిదే కాదని నాకు తెలుసు. కానీ మీ వార్డు సచివాలయానికి ఒకసారి పోయి చూడండి. 2019లో లక్షా 20 వేలకు పైగా సచివాలయ పోస్టులకు రాతపరీక్షే పెట్టారు, ఇంటర్వ్యూ లేదు. మొదటి రెండేళ్లు 15,000 జీతంతో చేసిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ నాన్నల్లో మీలాంటి రైతులు ఎంతమందో అడిగి చూడండి.

పర్మనెంట్ జూనియర్ అసిస్టెంట్ పోస్టుకూ అంతే, ఇంటర్వ్యూ ఉండదు. ఏపీపీఎస్సీ రాతపరీక్ష, ఆ తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష. ఈ స్థాయిలో కూర్చోబెట్టి మాట్లాడి తీసుకునేది ఇలాంటి తాత్కాలిక పోస్టులకే. అక్కడ ఏం చూస్తారో తెలియాలంటే బల్లకు అవతల కూర్చున్నవాళ్ళ అవసరం ఏమిటో ఆలోచించాలి. సోమవారం అర్జీల రోజు, ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ కోసం ఇంటి పన్ను కట్టేవాళ్ళ వరస, పైనుంచి సాయంత్రంలోగా పంపమనే రిపోర్టులు. వీటి మధ్య తప్పుల్లేకుండా టైపు చేసి, జనం మీద విసుక్కోని మనిషి వాళ్ళకు కావాలి.

అందుకే మాటలకంటే ముందు చేతి పని చూస్తారు. తెలుగులో పది లైన్ల లేఖ టైపు చేయమంటారు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. ‘దరఖాస్తు’ దాకా బాగానే సాగుతుంది, ‘ధ్రువీకరణ’ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. మున్సిపల్ ఆఫీసులో రోజుకు ఎన్నిసార్లు కొట్టాల్సిన మాట అది! తర్వాత ఎక్సెల్‌లో వార్డు వారీగా పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అని ఒక పట్టిక ఇస్తారు. డీసీబీ అంటారు దాన్ని. మొత్తాలు వేయమంటారు, ఏ వార్డులో బాకీ ఎక్కువుందో చెప్పమంటారు. బీకాం చదివిన పిల్లకు ఇది పెద్ద పని కాదు, కాకపోతే క్యాలిక్యులేటర్ తీయకూడదు.

మాట్లాడించేటప్పుడు కౌంటర్ దగ్గర జరిగేదే అడుగుతారు. నేనైతే మా దగ్గరికొచ్చే పిల్లల చేత ఒక ప్రశ్న బాగా సాధన చేయిస్తాను: ‘భర్త చనిపోయిన పెద్దావిడ వచ్చి ఇంటి పన్ను తన పేరుకు మార్చమంది. ఏం చెప్తావు?’ ఎక్కువమంది వెంటనే ‘ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోమంటాను సార్’ అంటారు. ఆమెకు ఆన్‌లైన్ తెలిస్తే ఆఫీసు దాకా ఎందుకొస్తుంది? మరణ ధ్రువీకరణ పత్రం ఉందా అని ముందు అడగాలి. మరణం 21 రోజుల్లో నమోదు చేయించి ఉంటే చిక్కులేదు, ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం, ఇంటి దస్తావేజు నకలు, బాకీ లేని పన్ను రసీదు తెమ్మని ఒక కాగితం మీద రాసివ్వాలి. పన్ను పుస్తకంలో పేరు మారినంత మాత్రాన ఆస్తి హక్కు రాదన్న మాట కూడా నెమ్మదిగా చెప్పాలి. ఇంత చెప్పగలిగితే లోపల కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తారు. జనన నమోదు గురించి కూడా చదువుకొని పొమ్మనండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం కాబట్టి ఆ కౌంటర్లో రద్దీ పెరిగేదే.

ఇక బావమరిది గారి హైదరాబాద్ మాట. సిలబస్, పేపర్ల సంగతి ఇక్కడ రాయను, అది పాపకే నాకంటే బాగా తెలిసి ఉంటుంది. నా అనుమానం వేరే ఉంది. గ్రూప్-2 అనగానే పెట్టె సర్దుకొని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ పోవడం మన సీమలో ఒక ఆనవాయితీ అయింది. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాల సర్వీస్ కమిషన్ల సిలబస్‌లూ వేరైపోయాయి. అక్కడ తెలంగాణ ఉద్యమ చరిత్రకు ఒక పేపరే ఉంది, మనకు ఆంధ్రప్రదేశ్ చరిత్ర కావాలి. ఇక కాలం. మన గత గ్రూప్-2కు 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న పెట్టారు, మెయిన్స్ వాయిదాలు పడి పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. పోస్టులు 905. దరఖాస్తు చేసినవాళ్ళు 4.8 లక్షలకు పైనే. మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 నుంచి జూనియర్ అసిస్టెంట్ దాకా అన్నీ అందులోనే. ఇన్నాళ్లూ హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కడుతూ పాపను ఇంకే పనీ చేయనీయకుండా కూర్చోబెట్టడమంటే, వాన నమ్మకం లేని ఏడాది ఉన్న విత్తనమంతా ఒకే చేనులో చల్లేయడమే. చెనక్కాయ వేసేవాళ్ళు, మీకు నేను చెప్పాలా?

చదవొద్దని అనడం లేదు, చదవాలి. అనంతపురంలో బీసీ స్టడీ సర్కిల్ ఉంది, జిల్లా గ్రంథాలయం ఉంది. అర్హత ఉంటే వాటిని వాడుకోండి. పర్మనెంట్ జూనియర్ అసిస్టెంట్ పోస్టు మూల వేతనం 25,220 దగ్గర మొదలవుతుంది, డీఏ, హెచ్ఆర్ఏ అదనం. దానికోసం కష్టపడటంలో అర్థముంది. అయితే 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకు మీరనుకునే పాత పింఛను లేదు, జీతంలోంచి వాటా కట్టే సీపీఎస్సే. గత గ్రూప్-2లో జనరల్ వయోపరిమితే 42 ఏళ్లు. మీ పాపకు ఇరవయ్యొకటో ఇరవయ్యిరెండో ఉంటాయి. తొందరంతా మీదే గానీ ఆ పిల్లకేం తొందర లేదు.

కాబట్టి పైసా ఇవ్వకుండా ఇంటర్వ్యూకి పంపండి. వస్తే చేరి, పొద్దునా రాత్రీ చదువుకోమనండి. అక్కడ నేర్చుకున్న టైపింగ్, ఎక్సెల్ రేపు ఏపీపీఎస్సీ కంప్యూటర్ పరీక్షకూ పనికొస్తాయి. రాకపోతే ఊళ్ళో ఆడిటర్ దగ్గర ట్యాలీ పని చేస్తూ చదవొచ్చు, పరువేం పోదు.

చేరేటప్పుడు మూడు అడగమనండి: నియామక పత్రం ఎవరి పేరుతో ఇస్తారు, పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు ఎప్పుడిస్తారు, ఒప్పందం ఎన్నాళ్లు. డిగ్రీ ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, ఎవరడిగినా వాళ్ళ దగ్గర వదిలి రాకూడదు. ఆ రోజు మీరు తోడు వెళ్ళండి, కాదనను. లోపలికి మాత్రం పాపను ఒక్కదాన్నే పంపండి. ‘డిగ్రీ అయ్యాక ఏం చేస్తున్నావమ్మా’ అని అడిగితే మీరు అందుకొని జవాబు చెప్పేస్తారని నా భయం.